నమూనా గేటు దాటకముందే: ఎంటీఏ మీద ఎవరి సంతకం, ఎలా పెట్టించాలి

మీ ల్యాబు ఫ్రీజర్‌లో ఒక బ్యాక్టీరియా ఉందనుకుందాం. చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వెనక పేరుకుపోయే తొక్కలు, టెంకల గుట్ట నుంచి మీ పరిశోధక విద్యార్థిని దాన్ని వేరుచేసింది. తోతాపురి తొక్కలోని పెక్టిన్‌ను ఇట్టే కరిగిస్తుంది. పేపరు అచ్చయింది. కొద్ది రోజులకే హైదరాబాదు నుంచి ఒక ఎంజైముల కంపెనీ మెయిలు పెట్టింది: రెండు గొట్టాలు పంపితే పరీక్షించి చూస్తామని. దానికి నాలుగు పేజీల పత్రం జతచేశారు. చివరి పేజీలో మీ పేరు ముందే టైపు చేసి ఉంది, పక్కన చుక్కల గీత.

ఆ గీత మీద సంతకం పెట్టకండి. గొట్టాలు కూడా పంపకండి. ముందు చేయాల్సిన పని కొంత ఉంది. వరసగా చేసుకుపోతే అంత కష్టమేమీ కాదు, కాకపోతే ఓపిక కావాలి.

ఆ నాలుగు పేజీల పత్రాన్ని పదార్థ బదిలీ ఒప్పందం అంటారు, కార్యాలయాల్లో అందరి నోటా ఎంటీఏనే. సూక్ష్మజీవులు, విత్తనాలు, కణజాలం, ప్లాస్మిడ్లు (ల్యాబుల్లో జన్యువులను మోయడానికి వాడే చిన్న డీఎన్ఏ వలయాలు), రసాయనాలు, ఎలుకల జాతులు లాంటివి ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు పరిశోధన కోసం వెళ్తున్నప్పుడు ఎవరి సొత్తు ఏది, దానితో ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు, ఫలితం ఎవరికి చెందుతుంది అన్నవి ఇందులో రాసుకుంటారు. ఫ్రీజర్‌కు మీరే తాళం వేస్తారు, శ్రమంతా మీ ల్యాబుదే. అయినా నమూనా సంస్థది. సంస్థ సొత్తును ఇచ్చేందుకు సంస్థ తరఫున అధికారం ఉన్నవారే సంతకం చేయాలి.

అధికారం లేకుండా సంతకం చేస్తే ఏమవుతుందో 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 235వ సెక్షన్ చెబుతుంది. ఒకరి ప్రతినిధినని అబద్ధంగా చెప్పుకుని ఒప్పందానికి దిగిన వ్యక్తి, ఆ సంస్థ తరువాత తనకు సంబంధం లేదంటే, ఎదుటివారికి కలిగిన నష్టాన్ని తానే పూడ్చాలి. సంస్థ పక్కకు తప్పుకుంటుంది, మీరు మాత్రం మిగులుతారు. పదోన్నతి ఫైలు కదులుతున్న రోజుల్లో ఇలాంటి కాగితం బయటపడితే ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

మీ సంస్థ ఎవరో ముందు తేల్చుకోండి

ఇదేం ప్రశ్న అనిపిస్తుంది. కానీ సగం ఫైళ్లు ఇక్కడే తిరిగొస్తాయి. ఒప్పందం మొదటి పేజీలో “ఫలానా విభాగం, తిరుపతి” అని రాసి పంపుతారు. విభాగానికి చట్టంలో సొంత అస్తిత్వం లేదు, విశ్వవిద్యాలయానికి ఉంది. ప్రాజెక్టు, కేంద్రం, ప్రయోగశాల, ఇంక్యుబేటర్ వంటి పేర్లు ఎంత ఘనంగా ఉన్నా, అవి విడిగా నమోదైన సంస్థలైతే తప్ప ఒప్పందంలో పక్షం కాలేవు. మొదటి పేజీలో చట్టంలో ఉన్న పూర్తి పేరు, ఏ చట్టం కింద ఏర్పడింది, ఆ తరువాత “విభాగం ద్వారా” అని రాయాలి.

తిరుపతిలో ఈ లెక్క సంస్థకో తీరుగా ఉంటుంది. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు. ఇలాంటి చోట్ల సాధారణంగా రిజిస్ట్రార్ సంతకం చేస్తారు, దాని వెనక వైస్ ఛాన్సలర్ ఆమోదం, పెద్ద విషయమైతే పాలక మండలి తీర్మానం ఉంటాయి. శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ, అంటే స్విమ్స్‌లో డైరెక్టరే వైస్ ఛాన్సలర్ కూడా. ఏర్పేడు దగ్గరున్న ఐఐటీ, ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్య, పరిశోధన సంస్థ) రెండూ 2015లో మొదలైన కేంద్ర సంస్థలు, వాటికి పార్లమెంటు చేసిన చట్టాలు వేరువేరుగా ఉన్నాయి. 1961 నాటి ఐఐటీల చట్టం సంస్థ రికార్డులను, అధికార ముద్రను రిజిస్ట్రార్ చేతిలో పెట్టింది. అయినా ఇలాంటి సంస్థల్లో పరిశోధన ఒప్పందాల మీద సంతకం చేసే అధికారాన్ని పరిశోధన వ్యవహారాల డీన్‌కు బదలాయించడం మామూలే. పక్క క్యాంపస్‌లో ఎవరు సంతకం చేశారో చూసి మీ క్యాంపస్‌లో అదే పదవి పేరు రాసేయడం పనికిరాదు.

అసలు తికమక వ్యవసాయ పరిశోధకులది. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి ఒక వేరుశనగ రకం విత్తనాన్ని ప్రైవేటు విత్తన కంపెనీకి పరిశీలనకు ఇవ్వాలనుకుందాం. స్థానం తిరుపతిలో ఉంది, దాని అధిపతీ తిరుపతిలోనే ఉన్నారు. ఒప్పందంలో పక్షం మాత్రం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, దాని ప్రధాన కార్యాలయం గుంటూరు దగ్గర లాంలో ఉంది. ఫైలు అక్కడికి వెళ్లి రావాలి. ఎస్వీ వ్యవసాయ కళాశాల సంగతీ అంతే. పశువైద్యంలో దీనికి తలకిందులు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కేంద్రం తిరుపతి కాబట్టి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలల వాళ్లు తమ ఫైళ్లు ఇక్కడికి పంపాలి.

అధికారం కాగితం మీద చూడండి

“ఇలాంటివి ఎప్పుడూ డీన్ గారే చేస్తారు” అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఎప్పుడూ చేస్తున్నారంటే ఎవరూ అడగలేదని కూడా అర్థం. రిజిస్ట్రార్ కార్యాలయానికో పరిశోధన విభాగానికో ఒక పేజీ లేఖ రాయండి. ఇలా:

“పరిశోధన నమూనాలను బయటి సంస్థలకు ఇచ్చే, బయటి సంస్థల నుంచి తీసుకునే ఒప్పందాల మీద విశ్వవిద్యాలయం తరఫున సంతకం చేసే అధికారం ఎవరికి ఉందో, ఆ అధికారం ఏ తీర్మానం లేదా ఏ ఉత్తర్వు ద్వారా వచ్చిందో దయచేసి తెలియజేయగలరు. ఎదుటి పక్షం ప్రైవేటు కంపెనీ అయినప్పుడు, విదేశీ సంస్థ అయినప్పుడు, మేధోసంపత్తి హక్కుల షరతులు ఉన్నప్పుడు వేరే ఆమోదం అవసరమైతే ఆ వివరం కూడా కోరుతున్నాను.”

రెండో వాక్యం చాలా ముఖ్యం. అధికార బదలాయింపు ఉత్తర్వులు ఎప్పుడూ హద్దులతోనే వస్తాయి. విద్యాసంస్థల మధ్య బదిలీకి డీన్ చాలు, కంపెనీ అయితే రిజిస్ట్రార్, మేధోసంపత్తిని ఎదుటివారికి రాసిచ్చే షరతు ఉంటే వైస్ ఛాన్సలర్ అనుమతి, ఇలా మెట్లు ఉంటాయి. మెట్టు ఎక్కాల్సిన చోట ఎక్కకపోతే, సరైన మనిషి సంతకం చేసినా చెల్లదు.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఇంకో చిక్కు ఉంది, ఇన్‌చార్జి అధికారులు. రెగ్యులర్ రిజిస్ట్రార్ లేనప్పుడు ఇన్‌చార్జిగా వేసిన ఆచార్యుడికి పూర్తి అధికారాలు ఉన్నాయా, రోజువారీ పనులకే పరిమితమా అన్నది ఆయన నియామక ఉత్తర్వులో ఉంటుంది. ఆ ఉత్తర్వు ప్రతి ఒకటి మీ ఫైలులో పెట్టుకోండి. ఏళ్లు గడిచాక ఆడిట్ వాళ్లు అడిగితే ఆ కాగితమే మాట్లాడుతుంది.

జవాబు రాతపూర్వకంగా రాకపోతే? వస్తుంది, కాస్త ఆలస్యంగా. ఈలోగా లేఖకు ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. నంబరు పడిన కాగితానికి దిక్కు ఉంటుంది, చేతికిచ్చిన కాగితం ఎవరి బల్ల సొరుగులోకి పోయిందో ఎవరూ చెప్పలేరు.

ఎదుటి సంతకాన్నీ పరీక్షించండి

మన వైపు ఇంత జాగ్రత్తపడి, కంపెనీ వైపు “సైంటిఫిక్ డైరెక్టర్” అని కనిపించగానే తృప్తిపడిపోతాం. ఆ హోదా కార్డు మీద మాత్రమే ఉండవచ్చు. 2013 కంపెనీల చట్టం 21వ సెక్షన్ ప్రకారం కంపెనీ తరఫు ఒప్పందాల మీద కీలక యాజమాన్య వ్యక్తి అయినా సంతకం చేయవచ్చు, బోర్డు అధికారమిచ్చిన అధికారి లేదా ఉద్యోగి అయినా చేయవచ్చు. కీలక వ్యక్తులంటే మేనేజింగ్ డైరెక్టర్ లేదా ముఖ్య కార్యనిర్వహణాధికారి, కంపెనీ కార్యదర్శి, పూర్తికాలపు డైరెక్టర్, ముఖ్య ఆర్థికాధికారి వంటివారు. సంతకం చేసేది వీరెవరూ కాకపోతే బోర్డు తీర్మానం ప్రతి అడగండి. అడగడం అమర్యాద కాదు, నిక్కమైన కంపెనీ రెండో మాట లేకుండా పంపుతుంది. డైరెక్టర్లు ఎవరన్నది కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు.

ఆ వెబ్‌సైటు చూస్తున్నప్పుడే ఇంకో సంగతి కనిపెట్టండి. కంపెనీ యాజమాన్యం ఎవరి చేతిలో ఉంది? మన దేశంలోనే నమోదైనా, విదేశీయుల నియంత్రణలో ఉన్న కంపెనీ అయితే జీవవైవిధ్య చట్టం కింద దారి మారిపోతుంది. దాని సంగతి కొంచెం కింద చెబుతాను.

ఈమధ్య కొత్తగా మొదలైన పరిస్థితి ఒకటుంది. ఆచార్యుడే స్టార్టప్ పెడతాడు, తన ల్యాబు నుంచి తన కంపెనీకే నమూనా వెళ్లాలి. ఇటు పరిశోధకుడిగా, అటు డైరెక్టర్‌గా ఒకే పేరు రెండు చోట్లా కనిపిస్తుంది. అలాంటప్పుడు కంపెనీ వైపు ఇంకో డైరెక్టర్‌తో సంతకం చేయించండి. విశ్వవిద్యాలయానికి మీ వాటా సంగతి రాతపూర్వకంగా ముందే తెలియజేయండి. సిఫారసు నోటు మీ విభాగంలో ఇంకొకరితో రాయించండి. అందరికీ తెలిసిన విషయమే కదా అనుకుంటాం, అందరికీ తెలిసినదే కాగితం మీద లేకపోతే రేపు దాచిపెట్టినట్టు కనిపిస్తుంది.

సంతకానికి ముందు రావాల్సిన అనుమతులు

సంతకం చేసే అధికారి మొదట చూసేది ఇదే, చూడాల్సింది కూడా ఇదే. కింది అనుమతులు లేకుండా ఆయన సంతకం చేసినా ఒప్పందం చిక్కుల్లో పడుతుంది.

జీవవైవిధ్య చట్టం, 2002తో మొదలుపెట్టండి. మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవులు, వాటి భాగాలు, జన్యుపదార్థం దీని కిందికి వస్తాయి. మామిడి తొక్కల గుట్టలో దొరికిన మీ బ్యాక్టీరియా కూడా వస్తుంది. మానవ జన్యుపదార్థం రాదు. విదేశీయులు, ప్రవాస భారతీయులు, విదేశీ సంస్థలు తీసుకోవాలంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు ఆమోదం తప్పనిసరి. దాని కార్యాలయం చెన్నైలో ఉంది, తిరుపతి వాళ్లకు అదొక్కటే కలిసొచ్చిన విషయం. పాత చట్టంలో కంపెనీలో విదేశీ వాటా కొంచెం ఉన్నా ఈ గీత లోపలికే వచ్చేది. 2023 సవరణ తరువాత, మన దేశంలో నమోదైన కంపెనీల విషయంలో, విదేశీయుల నియంత్రణ ఉందా లేదా అన్నదే కొలబద్ద. విదేశీ నియంత్రణ లేని మన కంపెనీ వాణిజ్య వినియోగానికి తీసుకుంటే రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందుగా తెలియజేయాలి. ఆ తెలియజేయడం కంపెనీ బాధ్యత, ప్రతిని మీరు ఫైలులో పెట్టుకోవాలి. దాని ఆధారంగా పేటెంటు తీసుకునేటప్పుడు ప్రాధికార సంస్థతో మళ్లీ పని ఉంటుంది. సవరణతో జైలు శిక్ష తీసేశారు, దాని బదులు లక్ష రూపాయల నుంచి 50 లక్షల దాకా జరిమానా పెట్టారు. “ఏం కాదులే సార్” అనేవాళ్లకు ఈ అంకె చదివి వినిపించండి.

ప్రవాస భారతీయులు అన్న మాట ఊరికే రాయలేదు. మీ పాత విద్యార్థి అమెరికాలో ఒక కంపెనీలో చేరాడు. సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు ల్యాబుకొచ్చి, “సార్, ఒక చిన్న గొట్టం తీసుకెళ్తాను, అక్కడ సీక్వెన్సింగ్ చేయించి పంపుతాను” అంటాడు. పిల్లవాడు మంచివాడే, మాటా మంచిదే. అతడి సూట్‌కేసులోకి ఆ గొట్టం వెళ్లిందంటే మాత్రం జీవవైవిధ్య చట్టం, ఎగుమతి నియమాలు, అక్కడి దిగుమతి నియమాలు ఒకేసారి మెడకు చుట్టుకుంటాయి. విదేశీ సంస్థలతో కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆమోదం పొందిన ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టులకు ఐదో సెక్షన్‌లో మినహాయింపు ఉంది. ఈ సూట్‌కేసు దాని కిందికి రాదు.

శేషాచలం నుంచి తెచ్చిన దేనికైనా అదనపు జాగ్రత్త కావాలి. ఎర్రచందనం, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. కర్ర ముక్క, కర్ర పొడి, దాని సారం ఏదైనా దేశం దాటాలంటే ఆ అనుమతులు చూసుకోవాలి. అసలు అడవిలో సేకరణకే అటవీ శాఖ అనుమతి ఉండాలి. ఆ అనుమతి పత్రంలో “విద్యా పరిశోధనకు మాత్రమే” అని రాసి ఉంటే, అదే నమూనాను కంపెనీకి ఇవ్వడానికి మీ రిజిస్ట్రార్‌కు కూడా అధికారం లేదు. మళ్లీ అటవీ శాఖకే రాయాలి.

జన్యుమార్పిడి చేసిన జీవులైతే 1989 నియమాల కింద మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీ మినిట్స్ కావాలి, ప్రమాద స్థాయి ఎక్కువైతే జన్యుమార్పిడి సమీక్ష కమిటీ దాకా వెళ్లాలి. రోగుల నమూనాలైతే నైతికత కమిటీ ఆమోదంతో పాటు, రోగి ఇచ్చిన సమ్మతి పత్రంలో బయటి సంస్థకు, వాణిజ్య పనికి ఇవ్వవచ్చని ఉందో లేదో తెలుగు ప్రతిలో వెతకండి. ఇంగ్లీషు ప్రతిలో ఉండి తెలుగు ప్రతిలో లేకపోతే లేనట్టే, రోగి వేలిముద్ర వేసింది తెలుగు దాని మీద. కొన్ని సూక్ష్మజీవులు, విషపదార్థాలు స్కోమెట్ అనే ఎగుమతి నియంత్రణ జాబితాలో (పౌర, సైనిక అవసరాలు రెండింటికీ వాడగల వస్తువుల జాబితా) ఉన్నాయి, విదేశానికి పంపేటప్పుడు అదీ చూడండి.

విత్తనాల వాళ్లకు ఒక మాట. ఆహార పంటల జన్యువనరుల అంతర్జాతీయ సంధి కింద 2006 నుంచి ఒక ప్రామాణిక ఎంటీఏ ఉంది. వరి, కంది, శనగ, జొన్న, సజ్జ, రాగి ఆ సంధి జాబితాలో ఉన్నాయి. రాయలసీమ నేలంతా పరుచుకున్న వేరుశనగ మాత్రం లేదు! అయినా పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తన జన్యుబ్యాంకు వేరుశనగను కూడా ఆ ప్రామాణిక పత్రం మీదే ఇస్తుంది. ఆ పత్రంలో షరతులు మార్చడానికి వీల్లేదు, కాబట్టి దాన్ని దిద్దుతూ కూర్చోకండి. విదేశాల నుంచి పరిశోధనకు విత్తనం తెప్పించాలంటే ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యువనరుల బ్యూరో (ఎన్‌బీపీజీఆర్) దిగుమతి అనుమతి ఇవ్వాలి.

తీసుకునేటప్పుడు కూడా సంతకం మీది కాదు

నమూనా ఇచ్చేటప్పుడే జాగ్రత్తని, తీసుకునేటప్పుడు ఏముందని చాలామంది అనుకుంటారు. బాధ్యతలన్నీ తీసుకునేవారి మీదే పడతాయి. ఎవరికీ ఇవ్వకూడదు, అమ్మకూడదు, మనుషుల మీద వాడకూడదు, పని అయ్యాక నాశనం చేయాలి అన్నవన్నీ మీ సంస్థ మాట ఇస్తోంది. 2004 నుంచి ప్లాస్మిడ్లు పంచుతున్న ఆడ్‌జీన్ సంస్థ ఆర్డరు తీసుకున్నాక కూడా, మీ సంస్థలో అధికారం ఉన్నవారు ఆన్‌లైన్‌లో ఆమోదించేదాకా పంపదు. అక్కడ అధికారి మెయిలు అని మీ సొంత రెండో మెయిలు ఇచ్చేవాళ్లు ఉన్నారని వింటుంటాను. దయచేసి ఆ పని చేయకండి.

అమెరికా సంస్థలతో పని చేస్తే యూబీఎంటీఏ అన్న పేరు వినబడుతుంది. 1995 నాటి ఏకరూప ఒప్పందం అది. సంస్థ ఒకసారి మూల ఒప్పందం మీద సంతకం చేస్తే, తరువాత ప్రతి నమూనాకూ చిన్న అమలు లేఖతో పని జరుగుతుంది. కానీ అది లాభాపేక్ష లేని సంస్థల మధ్య బదిలీల కోసం రాసుకున్నది. కంపెనీ పంపిన పత్రం మీద ఆ పేరు కనిపిస్తే లోపల ఏం మార్చారో అక్షరం అక్షరం చదవండి.

నోట్ ఫైలు ఎలా రాయాలి

సంతకం చేసే అధికారి శాస్త్రవేత్త కావాలని లేదు. చరిత్ర ఆచార్యుడు రిజిస్ట్రార్ కావచ్చు. ఆయన ముందు నాలుగు పేజీల ఇంగ్లీషు ఒప్పందం పెట్టి “సంతకం చేయండి సార్” అంటే, చేయకపోవడమే ఆయన చేయగల తెలివైన పని. ఫైలు పేషీలో నెలలు పడి ఉందంటే సగం తప్పు నోటుది. పై అధికారికి అనుమానం వచ్చే ప్రతి చోటా ముందే జవాబు రాయండి.

మన మామిడి బ్యాక్టీరియాకు నోటు ఇలా ఉండవచ్చు:

“చిత్తూరు జిల్లాలో మామిడి వ్యర్థాల నుంచి మా విభాగం వేరుచేసిన ఒక బ్యాక్టీరియాను పరీక్ష కోసం ఫలానా కంపెనీ కోరింది. పంపేది రెండు గొట్టాలు. జన్యుమార్పిడి చేసినది కాదు. కంపెనీలో విదేశీ నియంత్రణ లేదని వారు ఇచ్చిన ధ్రువీకరణ 7వ పేజీలో ఉంది. రాష్ట్ర జీవవైవిధ్య మండలికి వారు ఇచ్చిన సమాచారం 9వ పేజీలో ఉంది. ఇది పరీక్షకు మాత్రమే, అమ్మకానికి లైసెన్సు కాదు (ఒప్పందం 3వ షరతు). బ్యాక్టీరియా మీద, దాని సంతతి మీద యాజమాన్యం విశ్వవిద్యాలయానిదే (4వ షరతు). కంపెనీ మొదట పంపిన పత్రంలోని 6, 11 షరతులను మార్చమని కోరాం, వారు ఒప్పుకున్నారు, తేడాలు 12వ పేజీలో. విశ్వవిద్యాలయానికి ఖర్చు లేదు. కంపెనీ తరఫున మేనేజింగ్ డైరెక్టర్ సంతకం చేస్తారు. ఫలానా తేదీ ఉత్తర్వు ప్రకారం కంపెనీలతో ఎంటీఏలకు సంతకం చేసే అధికారం రిజిస్ట్రార్ గారిది. ఆమోదం కోసం సమర్పించడమైనది.”

ఇంతే. పేజీ దాటకూడదు. ప్రతి వాక్యం వెనక ఒక కాగితం, ఆ కాగితానికి పేజీ నంబరు. “సమాజానికి ఎంతో ఉపయోగకరమైన” లాంటి మాటలు రాయకండి, ఆ వాక్యం ఎవరూ చదవరు.

ఆ 6, 11 షరతుల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కంపెనీ ముసాయిదాల్లో తిరకాసు ఎక్కువగా ఇలాంటి చోట్లే ఉంటుంది. ఒకటి, పదార్థానికి ఇచ్చే నిర్వచనం. అసలు నమూనా, దాని సంతతి, మార్పు చెందని ఉత్పన్నాలు, మీరు కొత్తగా చేసిన మార్పులు అన్నవి నాలుగు వేర్వేరు సంగతులు. కంపెనీ నుంచి మీరు తీసుకునేటప్పుడు ఈ నాలుగింటినీ కలిపి “పదార్థం” అని రాస్తారు. దాంతో మీ విద్యార్థిని మూడేళ్లు శ్రమపడి మార్చిన జాతి కూడా వారిదైపోతుంది. ఇంకొకటి, ఆ పదార్థం వాడి కనిపెట్టిన ప్రతిదాని మీద వారికి హక్కు అడిగే షరతు. ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టులో ఇది ఒప్పుకుంటే నిధులిచ్చిన శాఖ షరతులతో ఢీకొంటుంది. అందుకే నిధుల మంజూరు పత్రంలోని మేధోసంపత్తి పేరా కూడా ఫైలులో పెట్టండి.

ప్రచురణ విషయంలో 30 నుంచి 60 రోజులు ముందుగా చూపించమంటే ఫర్వాలేదు, వాళ్లు అనుమతిస్తేనే ప్రచురించాలంటే ఒప్పుకోవద్దు. సిద్ధాంత గ్రంథం సమర్పణకు ఏ అడ్డూ ఉండదని విడిగా ఒక వాక్యం చేర్పించండి. హద్దులేని నష్టపరిహారం ఇస్తామన్న హామీ మీద ఏ విశ్వవిద్యాలయ న్యాయ సలహాదారూ సరే అనరు, కాబట్టి వారి దగ్గరికి వెళ్లకముందే దాన్ని తీయించండి. రెండు పక్షాలూ ఇక్కడివే అయితే కోర్టు పరిధి తిరుపతి అని రాయించుకోండి. విదేశీ పక్షం పట్టుబడితే ఏ దేశ చట్టమన్నది రాయకుండా వదిలేయడం ఒక రాజీ మార్గం.

సంతకం పేజీ

ఈ ఒక్క పేజీని భూతద్దం పెట్టి చూడండి. దాని మీద రెండు రకాల సంతకాలకు చోటుండాలి. ఒకటి పక్షాల తరఫు: సంస్థ పూర్తి పేరు, దాని కింద సంతకం, పేరు, హోదా, తేదీ, ముద్ర. రెండోది మీది: “ఈ షరతులు చదివి అర్థం చేసుకున్నాను, పాటిస్తాను” అన్న వాక్యం కింద. మీ సంతకం పక్షంగా చేసేది కాదని ఆ వాక్యమే చెప్పాలి. కంపెనీ పంపిన పత్రంలో ఈ రెండో చోటు లేకపోతే చేర్పించండి. చాలా గొడవలు మీ పేరు మొదటి రకం గీత కింద టైపు చేయడం వల్లే మొదలవుతాయి.

రిజిస్ట్రార్ సంతకం చేసిన తేదీ, ఆయన ఆ పదవిలో ఉన్న తేదీ సరిపోవాలి. పదవి దిగిన మరునాడు పాత తేదీ వేసి చేసిన సంతకం మీద నమూనా పంపడం కన్నా, కొత్త అధికారి కోసం ఆగడం మేలు. ప్రతి పేజీ కింద పొట్టి సంతకాలు పెట్టించండి, చివరి పేజీ ఒక్కటే తెచ్చి మిగతా పేజీలు మార్చారన్న మాట రాకుండా. రెండు అసలు ప్రతులు చేయించండి. ఎలక్ట్రానిక్ సంతకం 2000 నాటి ఐటీ చట్టం కింద చెల్లుతుంది, అయితే డిజిటల్ సర్టిఫికెట్‌తోనో ఆధార్ ఈ-సంతకంతోనో చేసినది వేరు, సంతకం ఫొటో తీసి వర్డ్ ఫైలులో అతికించినది వేరు. స్టాంపు సుంకం ఎంతన్నది సంస్థ న్యాయ సలహాదారును అడగండి. తగిన స్టాంపు లేని పత్రాన్ని, బాకీ సుంకం, జరిమానా కడితే తప్ప, కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.

రెండు వైపులా సంతకాలు పూర్తయిన ప్రతి మీ చేతికి వచ్చాకే గొట్టం కదలాలి. “మా వాళ్లు రేపు సంతకం చేస్తున్నారు, మీరు ఈలోగా పంపండి” అనే ఫోను తప్పకుండా వస్తుంది. రేపు పంపుతానని చెప్పండి. పంపడం పెద్ద పని కాదు: మూడు పొరల ప్యాకింగ్, లోపల నమూనా వివరాలు, ఒప్పందం నంబరు, అవసరమైతే డ్రై ఐస్. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు మాత్రం తిరుపతి నుంచి డ్రై ఐస్ పెట్టె వేళకు బయటపడుతుందని ఆశపెట్టుకోకండి. అందినట్టు రసీదు మెయిలు ఫైలుకు చేర్చండి.

ఇప్పటికే పంపేసి ఉంటే

ఇది చదివే వారిలో కొందరికి గుండె గుభేలుమని ఉంటుంది, నాలుగేళ్ల కిందటి సంతకం గుర్తొచ్చి. దారి ఉంది. కాంట్రాక్టు చట్టం 196వ సెక్షన్ ప్రకారం అధికారం లేకుండా చేసిన పనిని సంస్థ తరువాత ధ్రువీకరించవచ్చు. అప్పుడది మొదటి నుంచీ అధికారంతో చేసినట్టే అవుతుంది. అయితే 198వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: విషయాలు సరిగా తెలియకుండా చేసిన ధ్రువీకరణ చెల్లదు. అందుకే నోటులో ఏదీ దాచకండి. ఎప్పుడు పంపారు, ఎంత పంపారు, ఎవరు ఏ సంతకం చేశారు, ఆ తరువాత కంపెనీ ఏం చేసింది, వారి పేటెంటు దరఖాస్తు ఏదైనా ఉందా అన్నవన్నీ రాసి, పాత ఒప్పందం ప్రతి జతచేసి, ధ్రువీకరణ కోరండి. కొంత భాగమే ధ్రువీకరించి మిగతాది వదిలేయడం కుదరదు, ఒప్పుకుంటే మొత్తం ఒప్పుకోవాలి. కాబట్టి అందులో సంస్థ ఒప్పుకోలేని షరతు ఉంటే, ధ్రువీకరణ బదులు కంపెనీతో కొత్త ఒప్పందం రాసుకుని పాతదాన్ని రద్దు చేసుకోవడం నయం. తీసుకోవాల్సిన ప్రభుత్వ అనుమతి తీసుకోకుండా పంపి ఉంటే మాత్రం విశ్వవిద్యాలయ ధ్రువీకరణ ఆ లోటు పూడ్చదు. దానికి విడిగా ఆ శాఖకు లేదా ప్రాధికార సంస్థకే రాసుకోవాలి.

ఇకపై విభాగంలో ఒక రిజిస్టరు పెట్టండి. ఎంటీఏ నంబరు, వచ్చిందా వెళ్లిందా, ఎవరి సంతకం, గడువు తేదీ, ఫ్రీజర్‌లో ఏ పెట్టె. గడువు తీరాక మిగిలిన నమూనాను నాశనం చేసినట్టో తిప్పిపంపినట్టో ఎదుటివారికి లేఖ రాయాలి. ఒప్పందంలో వేరేలా లేకపోతే ఆ లేఖ మీద మీ సంతకం సరిపోతుంది, ప్రతి ఒకటి రిజిస్ట్రార్ కార్యాలయానికి పంపి ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి.